అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు

ప్రార్థనలో కళ్ళు మూసుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. మా తమ్ముడికీ చేతకాదు. మూసినట్టే మూసి, రెప్పల సందులోంచి ఒకరినొకరం చూసుకునేవాళ్ళం. సాయంత్రం ఇంట్లో ప్రార్థన అయిపోగానే అమ్మ "ఎవరు కండ్లు తెరిచిన్రు?" అని అడిగేది. అక్క అని వాడూ, వాడే అని నేనూ. "నువ్వు తెరవకుంటే వాడు తెరిచిండని నీకెట్ల తెలిసింది?" అని ఇద్దరికీ చెరొకటి అంటించేది. మెదక్ పక్కన మిషన్ వాళ్ళ ఊరి నుంచి ఉద్యోగానికని వచ్చిన నాన్న, నాంపల్లి స్టేషన్ దగ్గర సందులో రెండు గదులు కిరాయికి తీసుకుని అక్కడే ఉండిపోయాడు. నేనూ ఇప్పటికీ ఆ సందులోనే ఉన్నాను. నాకూ తమ్ముడికీ పెళ్ళిళ్ళు కాలేదు. ఆ కథ వేరు, ఇక్కడ అక్కర్లేదు.

నాకు పదిహేనేళ్ళు, వాడికి పన్నెండేళ్ళు ఉన్నప్పుడు ఒక మైదానంలో మూడు రోజులు సువార్త సభలు జరిగాయి. షామియానా కింద చాపల మీద ముందు వరుసలో కూర్చున్నాం. చివరి రోజు బోధకుడు అందర్నీ కళ్ళు మూసుకోమన్నాడు. ఎవ్వరూ చూడొద్దు, ప్రభువును అంగీకరించేవాళ్ళు మాత్రం చెయ్యెత్తండి, నేనూ దేవుడూ తప్ప ఎవరూ చూడరు అన్నాడు. హార్మోనియం మెల్లగా మోగుతోంది. కాసేపటికి "అదిగో, ఆ మూల ఒక చెయ్యి లేచింది, స్తోత్రం! ఇటు ఇంకొకటి, స్తోత్రం!" అన్నాడు. మేమిద్దరం తల తిప్పి చూశాం. ఆ మూల ఏ చెయ్యీ లేవలేదు. ఇటూ లేవలేదు.

ఆ తర్వాత నిజంగానే లేచాయి. లేని చేతుల మాట విని ఉన్న చేతులు పదుల కొద్దీ లేచాయి. వాటిలో నాదొకటి. అబద్ధమని కళ్ళారా చూసి కూడా నా చెయ్యి ఎందుకు లేచిందో ఈనాటికీ చెప్పలేను. తప్పిపోతానేమోనని భయమేసింది, అంతే. వాడు మాత్రం రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

ఇంటికి నడుస్తుంటే అన్నాడు, "అక్కా, ఆయన అబద్ధం చెప్పిండు."

"మంచికే చెప్పిండేమో తియ్."

"మంచికైతే కండ్లెందుకు మూసుకొమ్మన్నడు?"

నోర్మూసుకుని నడవమన్నాను.

మా సంఘంలో పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. ఊహ తెలిశాక, ఎవరి నోటితో వాళ్ళు ఒప్పుకుంటేనే నీళ్ళలో ముంచుతారు. ముంచకపోతే రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల దగ్గరికి రానివ్వరు, చనిపోతే సంఘం సమాధుల తోటలో చోటివ్వరు. నాకు ఆ సభలైన ఏడే ఇచ్చారు. వాడికి పదహారేళ్ళు రాగానే బాప్తిస్మం పాఠాలకు పంపింది అమ్మ. నాలుగు వారాలు బుద్ధిగా వెళ్ళాడు. అయిదో వారం అప్పటి అయ్యగారిని, అంటే మా పాస్టరును, ఒక ప్రశ్న అడిగాడు. ఎవరు ఔనంటారో ఎవరు కాదంటారో దేవుడికి ముందే తెలుసు కదా, తెలిసినప్పుడు మళ్ళీ నన్నెందుకు అడగడం అని. ముందు ఒప్పుకో నాయనా, తర్వాత అర్థమవుతుంది అన్నారాయన. "అర్థమైనంక ఒప్పుకుంట అయ్యగారు," అని లేచి వచ్చేశాడు. ఆ అర్థం కావడం నలభై ఏళ్ళు సాగింది.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని అమ్మ తిట్టేది. వాడు దేవుణ్ణి ఎగతాళి చేసిన రకం కాదు. చేస్తే నాకు ఇంత బాధ ఉండేది కాదు. ఆదివారాలు అబిడ్స్‌లో, మూసిన దుకాణాల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి అమ్మేవాడు. ఆరాధనకు రాని ఆ మనిషి, గిరాకీ లేనప్పుడల్లా చదివేది దేవుడి గురించే. కోఠీ నుంచి కట్టలు కట్టలుగా తెచ్చిన వాటిలో మత గ్రంథాలన్నీ అమ్మకుండా పక్కన పెట్టుకునేవాడు. ఆరాధన అయ్యాక నేను టిఫిన్ డబ్బా పట్టుకుని నాంపల్లి నుంచి నడిచి వెళ్తే, దూరం నుంచే కేకేసేవాడు.

"ఇయ్యాల ఎవర్ని నరకానికి పంపిన్రు అక్కా?"

"నిన్నే రా. ఇంకెవరున్నరు మాకు?"

ఒకసారి ఇప్పటి అయ్యగారు చెప్పిన ప్రసంగం వాడికి అప్పజెప్పాను. ప్రభువు తలుపు బయట నిలబడి తడతాడు, బద్దలు కొట్టుకుని రాడు, గడియ లోపలి వైపే ఉంటుంది, తీసేది మనమే అని. ఎంత బాగా చెప్పారో అని నా మురిపెం. వాడు ఇడ్లీ నములుతూ విన్నాడు.

"గడియ లోపల ఉన్నదంటరు. తియ్యకుంటే ఇల్లు కాలవెడ్త అంటరు. గిదేం తట్టుడు అక్కా?"

పుస్తకం బేరమాడుతున్న ఒకాయన పక్కకు తిరిగి నవ్వాడు. నాకు తల తీసేసినట్టయింది. ఆ వారమంతా వాడితో మాట్లాడలేదు. కోపం వాడి మీద కాదని, నాకూ అదే అనుమానం ఉందని ఒప్పుకోవడానికి ఇన్నేళ్ళు పట్టింది.

అమ్మ పోయేటప్పుడు నా మణికట్టు పట్టుకుని, "తమ్ముణ్ణి తీస్కరా బిడ్డా," అంది. ఎక్కడికో చెప్పలేదు. చెప్పక్కర్లేదు. అప్పటి నుంచి శుక్రవారం ఉపవాస ప్రార్థనలో నా విన్నపం ఒకటే. నేను నోరు తెరవకముందే ఆడవాళ్ళు "అక్క తమ్ముని రక్షణ కోసరం" అని మొదలుపెట్టేవాళ్ళు. వాళ్ళు జాలిపడుతుంటే ఒళ్ళు మండేది. పదేళ్ళయింది, ఇరవై ఏళ్ళయింది. వాళ్ళ కొడుకులూ అల్లుళ్ళూ ఒక్కొక్కరే నీళ్ళలో మునిగి లేచారు. మావాడు ఫుట్‌పాత్ మీద పుస్తకాల దుమ్ము దులుపుతూనే ఉన్నాడు.

తర్వాత వాడి మూత్రపిండాలు పోయాయి. వారానికి మూడుసార్లు దవాఖానలో రక్తం శుద్ధి చేయించాలి. నాలుగు గంటలు మంచం పక్కన స్టూలు మీద నేను. ఒకరోజు మధ్యాహ్నం యంత్రం తిరుగుతుండగా అన్నాడు.

"అక్కా, ఒక్క మాట. నేను సోయిల ఉన్నప్పుడు ఎవర్నన్న తోల్కరా. అయ్యగారినే తోల్కరా, మాట్లాడ్త. సోయి తప్పినంక మాత్రం ఎవ్వర్ని రానియ్యకు."

"గట్లెందుకంటవ్ రా?"

"నాదని చెప్పుకునేందుకు నాకున్నది ఆ ఒక్క ‘కాదు’. అది ఎప్పుడన్న ‘ఔ’ అయితే నా నోట్లకెల్లే కానియ్. నువ్వు జెప్పకు."

సరే అన్నాను. చేతిలో చెయ్యి వేసి సరే అన్నాను. వాడు నమ్మాడు. నా మాట మీద ఏనాడూ వాడికి అనుమానం రాలేదు. దేవుడిని నమ్మలేకపోయినవాడు నన్ను నమ్మాడు.

రెండేళ్ళకు రక్తంలో ఇన్ఫెక్షన్ చేరింది. నోట్లో గొట్టం, ఊపిరి యంత్రానిది. మూడో రోజు డాక్టరు, చూడాల్సినవాళ్ళు ఉంటే పిలుచుకోండమ్మా అన్నాడు. మెదక్‌లో చిన్నాన్న కొడుకులున్నారు, మేనత్త ఉంది. నేను ముందు ఫోన్ చేసింది అయ్యగారికి.

సాయంత్రం నాలుగింటికి ఇద్దరికే లోపలికి అనుమతి. పైన ఆకుపచ్చ గౌన్లు వేశారు. అయ్యగారు అలవాటు కొద్దీ గుమ్మం దగ్గర బూట్లు విప్పేశారు. ఆయన మంచివాడు. మంచివాడు కాబట్టే బయట నాతో ముందే అన్నారు, "అమ్మా, మనదాంట్ల ఒప్పుకోలు ఉండాలె. మాట రాకుంటే సైగన్న ఉండాలె. ఏమీ లేకుంటే నేను ప్రార్థన చేసి వస్త, నీళ్ళు మాత్రం పొయ్య. గది దేవుని ముందర అబద్ధమైతది." నేను తలూపాను.

తమ్ముడి ముఖం ఉబ్బి ఉంది. రెప్పలు పూర్తిగా మూతపడలేదు, సందులోంచి తెల్లగా కనిపిస్తోంది. అయ్యగారు చెవి దగ్గర వంగి అడిగారు, "బాబూ, నా మాట వినవడుతున్నదా? ప్రభువును నీ రక్షకుడని ఒప్పుకుంటే జర తల ఊపు. వేలన్న కదిలియ్యి." ఏమీ లేదు. మళ్ళీ అడిగారు. యంత్రం ఛాతీని లేపుతోంది, దించుతోంది. అప్పుడాయన మంచం పట్టీ పట్టుకుని, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. ప్రభువా, ఈ బిడ్డతో నువ్వే మాట్లాడు అని.

ఆయన గట్టిగా, నమ్మకంగా కళ్ళు మూసుకున్నారు. ఆ గదిలో కళ్ళు తెరిచి ఉన్నది నేనొక్కదాన్నే.

ఆయన కళ్ళు తెరిచి నా వైపు చూశారు. "అమ్మా?" అన్నారు.

"ఊపిండు అయ్యగారు. నేను చూసిన."

"నిజంగనా?"

"ఔ. రెండుసార్లు ఊపిండు."

రెండుసార్లు అని ఆయన అడగలేదు. నేనే కలిపాను. అయ్యగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సీసా మూతలో నీళ్ళు పోసి, మా సంఘంలో లేని పద్ధతే అయినా దేవుడు ఎరుగునని, మూడు చుక్కలు నుదుటి మీద వేశారు. అప్పుడే లోపలికి వచ్చిన నర్సు, గొట్టం ప్లాస్టరు తడుస్తుందని వెంటనే దూదితో తుడిచేసింది. వాడి బాప్తిస్మం తడి ఆరడానికి అంతసేపు కూడా పట్టలేదు. మర్నాడు పొద్దున వాడు పోయాడు.

అమ్మ పక్కనే చోటిచ్చారు. రాయి మీద ప్రభువునందు నిద్రించెను అని చెక్కించాను. వాడు చూస్తే, నన్ను పండవెట్టింది నువ్వేగా అక్కా అనేవాడు.

ఎందుకు చేశానంటే, నరకానికి భయపడి అని చెప్తే సగం నిజం. వాడిని గోడ బయట ఎక్కడో పూడ్చిపెట్టి, అమ్మ సమాధి ముందు ఒక్కదాన్నే నిలబడలేనని భయం. ముప్పై ఏళ్ళ ప్రార్థన గంగలో కలిసిందని శుక్రవారం ఆడవాళ్ళ ముందు ఒప్పుకోలేని పరువు. ఇవన్నీ ఉన్నాయి. వాడి ఆత్మ గురించి ఎంత ఆలోచించానో నాకే తెలియదు. దేవుడు కూడా బద్దలు కొట్టనన్న తలుపును నేను బయటి నుంచి పలుగుతో లేపేశాను. మౌనం అర్ధాంగీకారం అంటారు. మిగతా సగం నేను పూరించాను.

నెల తిరక్కుండానే సాక్ష్యం చెప్పమన్నారు. మాలో మేలు పొందినవాళ్ళు లేచి పదిమంది ముందు చెప్పాలి. చెప్పకపోతే కృతజ్ఞత లేనట్టు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను, రెండు వారాలు తప్పించుకున్నాను. మూడో వారం లేచాను. తల ఊపాడని చెప్పాను. ఆడవాళ్ళు ఏడ్చారు. యేసు పక్కన సిలువ మీద దొంగకు చివరి ఘడియలో రక్షణ దొరికినట్టు వాడికీ దొరికిందన్నారు. ఆ తర్వాత వేరే సంఘాల నుంచి కూడా పిలిచారు. చెప్పిన కొద్దీ నా సాక్ష్యం పెరిగింది. కంటి కొస నుంచి నీటిబొట్టు జారింది, పెదవి కదిలింది. నాకే అసహ్యమేసి ఆ రెండూ తర్వాత తీసేశాను. తల ఊపడం మాత్రం తీయలేకపోయాను. వాడి సమాధి దాని మీదే ఉంది.

దేవుడున్నాడా లేడా అని నా గొడవ కాదు. ఉన్నాడనే అనుకుంటున్నాను, అదే నా ప్రాణానికి వచ్చింది. ఉంటే ఆయనకు వాడి ‘కాదు’ తెలుసు, నా మూడు చుక్కలు వాడికి ఎందుకూ పనికిరావు. అవి పనికొస్తాయంటే, వాడి ఇష్టంతో పనిలేకుండా అక్క సాక్ష్యం మీద లోపలికి లాక్కునే దేవుడు వాడికే కాదు, నాకూ వద్దు. రెండింటిలో ఏది నిజమైనా నేను మోకాళ్ళ మీద నిలబడి అడగ్గలిగింది ఏమీ మిగల్లేదు. క్షమించమని అడగాల్సింది వాణ్ణి. వాడు లేడు.

ఇంకొకటి ఉంది. అది ఎవరికీ చెప్పలేదు. అయ్యగారు ప్రార్థన చేసిన ఆ నిమిషమంతా నేను చూస్తున్నది అయ్యగారి ముఖాన్ని. ఆయన కళ్ళు ఎప్పుడు తెరుస్తారా, అంతలో నేను చెప్పాలా వద్దా అని. తమ్ముడి వైపు నేను చూడనే లేదు. వాడు ఊపలేదని కూడా నేను ప్రమాణం చేయలేను. నలభై ఏళ్ళు ఎదురుచూసిన నిమిషం వచ్చిందో రాలేదో, ఆ గదిలో కళ్ళు తెరిచి ఉన్న ఒక్క మనిషీ చూడలేదు. వాడు నిజంగా ఔనన్నా ఇక నేను నమ్మలేను.

పోయిన ఏడు ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, అలవాటు చంపుకోలేక అబిడ్స్ వైపు నడిచాను. వాడు కూర్చునే చోట ఇప్పుడొకతను ఫోన్ కవర్లు పరుస్తాడు. అక్కడ నిలబడి ఉంటే వెనక నుంచి ఎవరో "అక్కగారూ" అని పిలిచారు. మా సంఘంలోనే పాటలు పాడే ఆవిడ. గుంటూరు వైపు వాళ్ళు. ఆవిడ భర్త హిందువుల ఇంట పుట్టినవాడు. లక్డీకాపూల్‌లో ప్రభుత్వ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. పాతికేళ్ళు ఆవిణ్ణి ప్రతి ఆదివారం స్కూటరు మీద తెచ్చి గేటు దగ్గర దింపాడు, లోపలికి మాత్రం రాలేదు. ఆయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయిందని విన్నాను. ఆవిడ నా కోసమే వెనకాల నడిచి వచ్చింది.

"అక్కగారూ, మీ తమ్ముడుగారు తల ఊపారన్నారు కదండీ. మీ కళ్ళతో మీరు చూశారా?"

చుట్టూ జనం. ఆటోల హారన్లు, పుస్తకాల మీద వంగిన తలలు. ఇది బాగుందక్కా, ఈడ ఎవ్వరు కండ్లు మూసుకోరు అనేవాడు తమ్ముడు. ఇక్కడైనా నిజం చెప్పాలని ఎంత అనిపించిందో చెప్పలేను. చెప్పేదాన్నే. ఆవిడ చేయి నా కొంగు పట్టుకుని ఉంది, చిన్నపిల్ల పట్టుకున్నట్టు.

"మా ఆయనకు డాక్టర్లు ఇక లాభం లేదన్నారండీ. రోజూ అడుగుతున్నాను. నాకేమీ తెలియట్లేదు. ఎలా ఊపారో చెప్తే, అలాంటిది కనిపిస్తే నేను గుర్తుపడతాను."

ఆ ముఖం చూశాక నిజం చెప్పలేకపోయాను. నా అబద్ధం తప్ప ఆ మనిషికి మరో ఆధారం లేదు. తల వంచి, మెల్లగా లేపి, మళ్ళీ వంచి చూపించాను.

"రెండుసార్లాండీ?"

"ఔనమ్మా," అన్నాను. "రెండుసార్లు."

ఆవిడ నా చేతులు కళ్ళకద్దుకుని కోఠీ బస్సు ఎక్కి వెళ్ళిపోయింది.

మూడు వారాలకు ఆయన పోయాడు. సంఘం తోటలోనే చోటిచ్చారు. ఆ నెలాఖరు ఆదివారం ఆవిడ సాక్ష్యానికి లేచింది. తెల్లచీర కట్టుకుని, మైకు పట్టుకోకుండా, పాట పాడే గొంతుతోనే చెప్పింది. అయ్యగారు ప్రార్థన చేస్తున్నప్పుడు మా ఆయన తల ఊపారండీ, రెండుసార్లు ఊపారు, నేను చూశాను అంది. ఎలా ఊపారో చేసి చూపించింది. తల వంచి, మెల్లగా లేపి, మళ్ళీ వంచి. అది నేను ఫుట్‌పాత్ మీద చూపించినదే, వెంట్రుకవాసి తేడా లేదు. అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను.

ఆవిడ చెప్తున్నంతసేపూ మందిరమంతా చూసింది, నా బెంచీ వైపు తప్ప.

తర్వాత అయ్యగారు ప్రార్థన చేసుకుందాం, అందరూ కళ్ళు మూసుకోండి అన్నారు. తలలన్నీ వంగాయి. నేను మూయలేదు. పాటలవాళ్ళ వరుసలో ఒక్క తల లేచే ఉంది. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. అమ్మ ఉంటే ఎవరు తెరిచిన్రని అడిగేది. అయ్యగారి ప్రార్థన ఆరోజు చాలాసేపు సాగింది. ఇద్దరిలో ఎవరమూ చూపు దించలేదు. చివర్లో అందరితో పాటు మేమూ ఆమెన్ అన్నాం.